మొజంజాహీ గడియారం కింద - 14: నంద్యాల ఇచ్చిన కుర్చీ

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగ్ గైడ్లు, ఉర్దూ నవలలు, అట్టలూడిన తెలుగు వారపత్రికలు పక్కపక్కనే ఉంటాయి. మోకాళ్ల మీద కూచుని వెతికేవాళ్లకు ఏదో ఒకటి దొరక్కపోదు.

"తొంబై ఒకటి నాటివి ఏమన్నా ఉన్నాయా భయ్యా?" అని అడిగాను.

"గా కట్టల జూడుండ్రి సార్. దొరికితే మీ అదృష్టం" అన్నాడు దుకాణం మనిషి, సుతిలి తాడు విప్పుతూ.

కట్టలో సంవత్సరాలన్నీ కలగాపులగంగా ఉన్నాయి. ఒక పత్రిక మీద రాజీవ్ గాంధీ చితి, దాని కింద సినిమా తార, ఇంకా కింద పెదవులు బిగించి కూచున్న పీవీ నరసింహారావు. ఆ బొమ్మ పట్టుకుని నాలుగడుగులు వేస్తే మొజంజాహీ మార్కెట్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన రెండో కొడుకు మొజంజా పేరిట 1935లో కట్టించిన రాతి మార్కెట్ ఇది. ఈ గడియార స్తంభం కింద నిలబడి చుట్టూ చూస్తే ఆంధ్రప్రదేశ్ రాజకీయం సగం కాలినడక దూరంలోనే నడిచిందని తెలుస్తుంది. నాంపల్లి వైపు కాంగ్రెస్ వాళ్ల గాంధీభవన్, దాన్ని దాటితే పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకుని అసెంబ్లీ. ఇటు ఆబిడ్స్‌లో ఎన్టీ రామారావు ఇల్లు, రామకృష్ణ థియేటర్లు. బీజేపీ రాష్ట్ర కార్యాలయమూ ఇప్పుడు నాంపల్లిలోనే ఉంది. ఈ భాగంలో చెప్పబోయే ఉపఎన్నిక జరిగింది ఇక్కడికి ఎంతో దూరాన, నల్లమల ఒడ్డునున్న నంద్యాలలో. కానీ అందులో పాత్రధారులందరి అడుగులూ ఈ కూడలి చుట్టూ తిరిగినవే. అందుకే ఈ కథకు ఇక్కడ చోటిస్తున్నాను.

1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్య జరిగింది. అప్పటికి సార్వత్రిక ఎన్నికలు సగంలో ఉన్నాయి. ఆ ఎన్నికల్లో పీవీ పోటీయే చేయలేదు. ఢిల్లీలో ఇల్లు ఖాళీ చేసే ఆలోచనతో పుస్తకాల పెట్టెలు సర్దుకుంటున్న మనిషి ఆయన. డెబ్బై ఏళ్లు నిండడానికి వారం రోజుల ముందు, జూన్ 21న, ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. దక్షిణాది నుంచి ఆ పదవికి వెళ్లిన మొదటి మనిషి. మొదటి తెలుగువాడు కూడా. ఆయన చేతిలో పెట్టింది మెజారిటీ లేని ప్రభుత్వం, దాదాపు ఖాళీ అయిన విదేశీ మారక ఖజానా. జూలై మొదటి వారంలో రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు. జూలై 24న ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ తొలి బడ్జెట్ పెట్టారు. దేశం దారి మళ్లుతున్న ఆ వేసవి గురించి గ్రంథాలు వచ్చాయి. అవన్నీ జరుగుతున్నంతసేపూ పీవీకి ఇంకో గడువు కూడా తలమీద ఉందన్న సంగతి మాత్రం అరుదుగా గుర్తొస్తుంది.

రాజ్యాంగంలోని 75వ అధికరణం ఈ సంగతిలో మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. ఏ సభలోనూ సభ్యుడు కాని మనిషి మంత్రి కావచ్చు, ప్రధాని కూడా కావచ్చు. కానీ ఆరు నెలలు తిరిగేలోగా ఏదో ఒక సభలో సభ్యుడు కాకపోతే పదవి పోతుంది. అంటే డిసెంబరు 20 దాటకుండా పీవీ ఎంపీ కావాలి.

సులువైన దారి ఒకటుంది. రాజ్యసభ. 1966లో ఇందిరాగాంధీ మొదటిసారి ప్రధాని అయినప్పుడు రాజ్యసభ సభ్యురాలే. పీవీ తరవాత వచ్చిన దేవెగౌడ, గుజ్రాల్, మన్మోహన్ అందరూ ఆ సభ మెట్లే ఎక్కారు. ఎమ్మెల్యేలు ఓట్లు వేస్తారు, ఎండలో తిరిగే పని లేదు. పీవీ ఆ దారి వద్దనుకున్నారు. లోక్‌సభలో పార్టీకి సొంత మెజారిటీ లేనివాడు, ఎన్నికల్లో నిలబడకుండానే నాయకుడైనవాడు, జనం ముందుకు వెళ్లి గెలిచి రాకపోతే పార్టీలోనే తన మాట చెల్లదని ఆయనకు తెలిసే ఉంటుంది. ఇది నా అంచనా. కానీ అప్పటి పరిస్థితి చూసినవారెవరూ దీన్ని కాదనలేరు.

గెలిచి రావాలంటే ముందు ఒక సీటు ఖాళీ కావాలి. ఖాళీ కావాలంటే ఎవరో ఒకరు లేవాలి.

లేచిన మనిషి గంగుల ప్రతాపరెడ్డి. ఆళ్లగడ్డ గంగుల వారి కుటుంబం. నంద్యాల నుంచి కాంగ్రెస్ తరఫున ఆ ఎన్నికల్లోనే గెలిచి, లోక్‌సభలో ఇంకా సర్దుకుని కూచోని మనిషి. ప్రధాని కోసం ఆయన రాజీనామా ఇచ్చారు. అదే నెలల్లో మహారాష్ట్రలోనూ ఇలాంటిదే జరిగింది. బారామతి నుంచి గెలిచిన అజిత్ పవార్, రక్షణమంత్రి అయిన బాబాయి శరద్ పవార్ కోసం సీటు వదిలారు. అది ఇంటి వ్యవహారం. బాబాయి కోసం అబ్బాయి లేచాడు. నంద్యాలలో అలాంటి చుట్టరికం ఏదీ లేదు. ప్రధానిది అప్పటి కరీంనగర్ జిల్లా వంగర, ఎంపీది అప్పటి కర్నూలు జిల్లా ఆళ్లగడ్డ. మధ్యలో కృష్ణా, తుంగభద్రలు రెండూ ఉన్నాయి.

రాజీనామా అంటే కాగితం మీద ఒక సంతకం అనుకుంటాం. కాగితం చిన్నదే. ఎంపీ తన సంతకంతో స్పీకర్‌కు రాసి ఇవ్వాలి. స్పీకర్ ఒప్పుకున్నాకే సీటు ఖాళీ. ఆ ఒప్పుకోలు అన్న మెలిక 1974లో వేసిందే. ఆ ఏడాది గుజరాత్ నవనిర్మాణ ఉద్యమంలో ఎమ్మెల్యేలను ఇళ్ల దగ్గర చుట్టుముట్టి రాజీనామాలు రాయించుకున్నారు. దాని తరవాత 33వ సవరణ వచ్చింది. రాజీనామా సొంత ఇష్టంతో ఇచ్చిందో కాదో, నిజమైనదో కాదో స్పీకర్ విచారించుకోవచ్చు. నమ్మకం కుదరకపోతే తిరస్కరించవచ్చు. 1991లో ఆ కుర్చీలో శివరాజ్ పాటిల్ ఉన్నారు. ఆ సవరణ వెనక ఉన్న ఆలోచన మంచిదే. ఎంపీ మెడ మీద కత్తి ఉందేమో చూడమంది చట్టం. కానీ ఆ ఎంపీని గెలిపించిన జనాన్ని ఎవరన్నా అడిగారా అన్న ప్రశ్న ఆ సవరణలోనూ లేదు, అంతకు ముందూ లేదు, నేటికీ లేదు. నంద్యాల ఓటరు వేసవిలో ఒక మనిషికి ఓటేశాడు. చలికాలం మొదట్లో వచ్చి ఇంకో మనిషికి వేయమన్నారు. వేశాడు.

నంద్యాలే ఎందుకు? పీవీ సొంత గడ్డ తెలంగాణ. 1957 నుంచి ఇరవై ఏళ్లు మంథని ఎమ్మెల్యే. 1977, 1980ల్లో హనుమకొండ ఎంపీ. అయితే ఆ హనుమకొండే 1984లో ఆయన్ను ఓడించింది. ఇందిర హత్య తరవాత కాంగ్రెస్‌కు దేశమంతా ఓట్లు వెల్లువెత్తిన ఏడాది అది. దేశం మొత్తంలో బీజేపీ గెలిచినవి రెండే రెండు సీట్లు. అందులో ఒకటి హనుమకొండ, గెలిచింది చందుపట్ల జంగారెడ్డి. అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా నిలబడ్డారు కాబట్టి పీవీ లోక్‌సభలో ఉండగలిగారు. తరవాత 1989లోనూ రాంటెక్కే. అంటే సొంత రాష్ట్రం నుంచి ఆయన లోక్‌సభకు గెలిచి అప్పటికి పదకొండేళ్లయింది. నంద్యాల కాంగ్రెస్‌కు గట్టి నేల. పక్క కర్నూలు నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి లోక్‌సభలో ఉన్నారు. రాష్ట్రంలో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి, కాంగ్రెస్ ప్రభుత్వం. లెక్కలు కుదిరాయి.

ఈ లెక్కల వెనక ఇంకో పాత లెక్క ఉంది. దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు. నాకు మాత్రం ఈ కథలో అన్నిటికన్నా విలువైనది అదే. పీవీ 1971 సెప్టెంబరు చివర ఈ నాంపల్లి అసెంబ్లీ నుంచే ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది అక్టోబరు 3న, తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పే అంతిమమని పీవీ అన్నారు. కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఉద్యోగులు పనులు మానేశారు, మంత్రులు రాజీనామాలు చేశారు, రైళ్లు ఆగాయి. 1973 జనవరిలో పీవీ దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒక ప్రాంతం కోపంతో పదవి పోగొట్టుకున్న మనిషి, పద్దెనిమిదేళ్ల తరవాత అదే రాయలసీమ గుమ్మంలో నిలబడి ఓటు అడిగారు. అడగడానికి ఆయనకెంత ధైర్యం కావాలో, పాతవన్నీ పక్కనపెట్టి ఇవ్వడానికి వాళ్లకంత మనసు కావాలి. పదవిలో ఉన్న ప్రధాని వస్తే ఎవరైనా ఓటేస్తారు, ఇందులో గొప్పేముంది అనేవారుంటారు. ప్రధానులను, ముఖ్యమంత్రులను ఇంటికి పంపిన ఓటర్లకు మన దేశంలో కొదవ లేదు. 1977లో ఇందిరాగాంధీని రాయబరేలీ ఓడించింది. 1989లో ముఖ్యమంత్రిగా ఉన్న రామారావును కల్వకుర్తి ఓడించింది. కాబట్టి నంద్యాల తీర్పును పదవికి పెట్టిన దండం అని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు.

ఇక ఆబిడ్స్ వైపు వెళదాం. 1982 మార్చి 29న రామారావు తెలుగుదేశం పుట్టిందే కాంగ్రెస్ మీద. ముఖ్యమంత్రులను ఢిల్లీ నుంచి మార్చే అలవాటు మీద, తెలుగువాడి ఆత్మగౌరవం పేరిట. 1989లో కాంగ్రెస్ చేతిలో అధికారం పోయింది. 1991 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో కాంగ్రెస్‌కు 25, తెలుగుదేశానికి 13. కాంగ్రెస్ ప్రధానిని ఓడించే అవకాశం వస్తే, కనీసం ఇబ్బంది పెట్టే అవకాశం వస్తే ఏ ప్రతిపక్షమైనా వదులుకుంటుందా? రామారావు వదులుకున్నారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు, ఆయన మీద మా అభ్యర్థి ఉండడు అన్నారు.

ఈ నిర్ణయాన్ని రకరకాలుగా చదివారు. ఎలాగూ ఓడిపోయే సీటు కాబట్టి పెద్దమనసు చూపించారు అన్నవారున్నారు. నేను అలా అనుకోను. ఓడిపోతామని తెలిసీ పార్టీలు నిలబడుతూనే ఉంటాయి. కార్యకర్త చెదిరిపోకుండా ఉండడానికి, వచ్చే ఎన్నికకు జెండా మోసేవాళ్లు మిగలడానికి. ఫ్యాక్షన్ ఉన్న ఊళ్లలో ఆ అవసరం ఇంకా ఎక్కువ. ఒక ఎన్నికలో జెండా దించితే ఆ ఊళ్లో మనవాళ్లు ఎవరి చెట్టు కిందికి చేరతారో చెప్పలేం. అంతటి నష్టానికి సిద్ధపడి తీసుకున్న నిర్ణయం అది. ఆత్మగౌరవం అన్న మాటను ఎన్నికల నినాదంగా వాడుకున్నారని రామారావు మీద ఎన్నో విమర్శలు వచ్చాయి. ఆ మాటకు ఆయన సొంత జేబులోంచి మూల్యం చెల్లించిన సందర్భం ఇదొకటి. ఆ మర్యాదకు తగ్గ ప్రతిఫలం ఆయనకు దక్కలేదని కూడా చెప్పాలి. మరుసటి ఏడాదే తెలుగుదేశం ఎంపీల్లో ఒక వర్గం చీలి పీవీ ప్రభుత్వానికి దగ్గరైంది.

నంద్యాల ఓటరు చేతికి వచ్చిన బ్యాలెట్ కాగితం ఒక్కసారి ఊహించుకోండి. అప్పటికింకా యంత్రాలు లేవు. అట్ట మరుగున బల్ల, బల్ల మీద సిరా మెత్త, రబ్బరు ముద్ర. కాగితం మీద పేర్లు, పక్కన గుర్తులు. హస్తం ఉంది, కమలం ఉంది. సైకిల్ లేదు. తెలుగుదేశం పెట్టిన నాటి నుంచీ సైకిల్ మీద ముద్ర వేస్తూ వచ్చిన రైతు, కూలి, ఆడమనిషి ఆ కాగితం మీద తమ గుర్తు కోసం వెతుక్కుని, లేదని గ్రహించి, ముద్ర ఎక్కడ వేయాలా అని ఒక నిమిషం ఆగి ఉంటారు. ఆ నిమిషం ఏ పత్రికలోనూ రాదు. నాకు మాత్రం ఆ ఎన్నిక అంతా ఆ ఒక్క నిమిషంలోనే ఉందనిపిస్తుంది.

కమలం గుర్తు మీద నిలబడిన మనిషి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆయన బంగారు లక్ష్మణ్. మన నగరం మనిషి, దళిత కుటుంబం నుంచి వచ్చినవాడు. బీజేపీకి ఆంధ్రలో బలం లేని రోజుల్లో జెండా మోసినవాడు. ప్రధాని మీద, అందునా రెండు పెద్ద పార్టీల ఓట్లూ ఒకే వైపు పోయే ఎన్నికలో, ఓటమి తప్ప ఇంకేమీ రాదని తెలిసి నామినేషన్ వేశాడు. పోటీ లేకుండా ప్రధానిని ఏకగ్రీవంగా పంపితే తెలుగువారికి ఇంకా గౌరవం కదా అన్న వాదన అప్పుడు బలంగానే ఉంది. ఆ వాదన నాకు రుచించదు. పోటీ లేకపోతే నంద్యాల ఓటరుకు ఆ నవంబరులో ఓటే ఉండేది కాదు. బంగారు లక్ష్మణ్ నిలబడ్డాడు కాబట్టే పీవీ గెలుపు గెలుపయింది. ఎన్ని లక్షల మంది కావాలన్నారో లెక్క తేలింది. ఆయనే తరవాత 2000లో బీజేపీ జాతీయ అధ్యక్షుడయ్యాడు, ఆ పార్టీకి తొలి దళిత అధ్యక్షుడు. ఆ పదవి మరుసటి ఏడాదే లంచం ఆరోపణతో పోయింది. దాని వల్ల 1991 నాటి ఆ నామినేషన్ విలువ తగ్గదు.

ఓట్ల లెక్క ఇది. పీవీకి 6,26,241. బంగారు లక్ష్మణ్‌కు 45,944. తేడా 5,80,297. చెల్లిన ప్రతి వంద ఓట్లలో దాదాపు తొంభై ప్రధానికి పడ్డాయి. ఆరో వంతు ఓట్లు రాకపోతే ధరావతు పోతుంది కాబట్టి బీజేపీకి డిపాజిట్ దక్కలేదు. అప్పటికి దేశంలో రికార్డు బీహార్‌లోని హాజీపూర్‌ది. 1989లో రాంవిలాస్ పాశ్వాన్ 5 లక్షల 4 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. నంద్యాల దాన్ని దాటేసింది. నంద్యాల రికార్డు పన్నెండేళ్లకు పైగా నిలిచి, 2004లో పశ్చిమబెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో సీపీఎం అభ్యర్థి అనిల్ బసు చేతిలో బద్దలైంది. ఈ ఓట్లన్నీ మనుషులు చేత్తో విప్పి, మడతలు సరిచేసి, కట్టలు కట్టి లెక్కపెట్టిన కాగితాలని గుర్తుంచుకోవాలి. ఒక్క పీవీవే ఆరు లక్షల పాతిక వేలకు పైగా కాగితాలు.

నంద్యాలకు కుర్చీ ఖాళీ కావడం కొత్త కాదు. ఇక్కడ కథ పధ్నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. 1977లో దేశమంతా జనతా గాలి వీచింది. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా తరఫున గెలిచింది నీలం సంజీవరెడ్డి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. మార్చిలో గెలిచారు, లోక్‌సభ స్పీకరయ్యారు. జూలైలో ఆ పదవికి రాజీనామా చేసి, మిగతా నామినేషన్లన్నీ చెల్లకపోవడంతో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. నంద్యాల ఖాళీ. ఓటేసి నాలుగు నెలలు కాలేదు.

ఒక లోక్‌సభ నియోజకవర్గం దేశానికి ఒక రాష్ట్రపతిని ఇచ్చింది, ఒక ప్రధానిని నిలబెట్టింది. నవనందుల ఊరు, కేసీ కాలువ కింద వరి పండే ఊరు, ఢిల్లీ పటం మీద అంత పెద్ద చుక్కగా మారింది. ఆ చుక్క పెద్దదైనప్పుడల్లా నంద్యాల కుర్చీలో మనిషి మాత్రం మారుతూ వచ్చాడు.

మూడోసారి ఖాళీ చేసింది స్వయంగా పీవీ. 1996 ఎన్నికలు వచ్చేసరికి కాలం మారింది. బాబ్రీ మసీదును కూల్చి మూడేళ్లు దాటింది. కాంగ్రెస్ చీలింది. మైనారిటీ ప్రభుత్వాన్ని ఐదేళ్లు నడిపిన మనిషిని సొంత పార్టీవాళ్లే అనుమానంగా చూస్తున్నారు. రామారావు ఆ జనవరి 18నే కన్నుమూశారు. పీవీ ఈసారి రెండు చోట్ల నిలబడ్డారు. ఒకటి నంద్యాల, రెండోది ఒడిశాలోని బరంపురం. బరంపురం మనకు పరాయి ఊరేమీ కాదు. వీధి వీధినా తెలుగు వినిపించే ఊరు, వీవీ గిరి పుట్టిన ఊరు. రెండు చోట్లా గెలిచారు. కానీ నంద్యాలలో ఈసారి బ్యాలెట్ మీద సైకిల్ ఉంది. తెలుగుదేశం అభ్యర్థి భూమా నాగిరెడ్డి మీద ఆధిక్యం లక్షకు కాస్త లోపే. ఐదు లక్షల ఎనభై వేలు ఎక్కడ, లక్ష ఎక్కడ! 1991 నాటి ఓట్లలో ఎన్ని పీవీవో, ఎన్ని రామారావు మర్యాదగా ఇచ్చినవో ఈ తేడాలో కొంతైనా కనిపిస్తుంది.

రెండు చోట్ల గెలిచినవాడు పద్నాలుగు రోజుల్లో ఒకటి వదులుకోవాలి. పీవీ బరంపురం ఉంచుకుని నంద్యాల వదిలారు. ఎందుకన్నదానికి రాజకీయ కారణాలు ఆయనకు ఉండే ఉంటాయి. కానీ కష్టకాలంలో చెయ్యిచ్చి పైకి లాగిన నంద్యాలను వదలడం నాకు నచ్చని పని. పీవీ మీద నాకెంత గౌరవం ఉన్నా ఈ మాట దాచను. తన ఎంపీని లేపి మరీ కుర్చీ ఇచ్చిన నియోజకవర్గం అది. దాని దగ్గర ఆయనకు తీరని బాకీ ఉంది.

అదే ఏడాది మళ్లీ ఉపఎన్నిక జరిగింది. భూమా నాగిరెడ్డి గెలిచారు. ఆయన అప్పటికి ఆళ్లగడ్డ ఎమ్మెల్యే. లోక్‌సభకు వెళ్లడంతో ఆళ్లగడ్డ ఖాళీ అయింది. 1997లో అక్కడా ఉపఎన్నిక, గెలిచింది ఆయన భార్య శోభా నాగిరెడ్డి. ఆళ్లగడ్డలో భూమా, గంగుల వర్గాల పోరు తరాలది. 1991లో గంగుల వారి చేతిలోంచి ప్రధానికి వెళ్లిన కుర్చీ, 1996లో ప్రధాని చేతిలోంచి భూమా వారికి చేరింది. ఢిల్లీ అవసరం కోసం కదిపిన ఒక రాయి కింద ఊరి రాజకీయం ఎలా కదిలిపోతుందో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. 1998లో, 1999లో కూడా నంద్యాల నుంచి భూమాయే గెలిచారు.

చట్టంలోనూ 1996 ఒక మలుపు. అంతవరకు ఒక అభ్యర్థి ఎన్ని చోట్లనుంచైనా నిలబడగలిగేవాడు. ఆ ఏడాది సవరణతో రెండుకు మించి కుదరదన్నారు. ఖాళీ అయిన సీటుకు ఆరు నెలల్లో ఉపఎన్నిక జరపాలన్న నిబంధన కూడా అప్పుడే చేరింది. అంతకు ముందు గడువంటూ ఏదీ లేదు. ఐదు వందల రూపాయలున్న లోక్‌సభ ధరావతు పదివేలైంది. ఒకే చోట నిలబడాలని, లేదా వదిలేసిన సీటు ఉపఎన్నిక ఖర్చు ఆ అభ్యర్థి నుంచే రాబట్టాలని ఎన్నికల సంఘం 2004లో ప్రతిపాదించింది. పార్లమెంటు పట్టించుకోలేదు. 2023 ఫిబ్రవరిలో విషయం సుప్రీంకోర్టు ముందుకు వెళ్లినప్పుడు, అది పార్లమెంటు తేల్చాల్సిన సంగతని కోర్టు వదిలేసింది. రెండు సీట్ల వెసులుబాటు ఇంకా అలాగే ఉంది. అది పోవాలని నా గట్టి అభిప్రాయం. రాజీనామా హక్కు ఉండాలి, మనసు చంపుకుని ఎవరూ సభలో కూచోనక్కర్లేదు. కానీ వదిలేస్తామని ముందే తెలిసిన సీటుకు ఓటు అడగడం ఓటరు దినానికి, క్యూలో నిలబడ్డ అతని కాళ్లకు విలువ ఇవ్వకపోవడమే.

గడియారం కింద మళ్లీ నిలబడ్డాను. 2020లో రాళ్లు కడిగి, గుమ్మటాలు బాగుచేసి, మార్కెట్‌ను ముస్తాబు చేశారు. సాయంత్రం దీపాలు వెలుగుతాయి, సీతాఫలం ఐస్‌క్రీం కోసం కుర్రాళ్లు బల్లల చుట్టూ మూగుతారు. ఆబిడ్స్‌లో కొన్న వారపత్రిక సంచిలో ఉంది. అట్ట మీది పీవీ బొమ్మ మూల చినిగింది. లోపలి పేజీలు చెదలకు పోగా మిగిలినంత మేర చదవడానికి వస్తున్నాయి.

వచ్చే భాగంలో రాజీనామా ఇంకో వేషం వేసుకుంటుంది. సీటు ఇంకొకరికి ఇవ్వడానికి కాకుండా, అదే సీటుకు మళ్లీ నిలబడడానికే వదులుకున్న కరీంనగర్ కథ. 2006, 2008 రెండు ఉపఎన్నికలూ చెప్పుకుందాం. ఈలోగా ఒక విన్నపం. 1991 నవంబరులో నంద్యాలలో ఓటేసినవారు, బూత్ దగ్గర ఏజెంటుగా కూచున్నవారు, ఓట్లు లెక్కపెట్టిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఈ వ్యాసం చదువుతున్నవారిలో ఉంటే, సైకిల్ లేని ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు మీకేమనిపించిందో పత్రికకు రాయండి. ఇప్పుడు మీకు యాభై, అరవై, డెబ్బై ఏళ్లుంటాయి. ఓట్ల అంకెలు నాకు దొరికాయి. ఇక రావాల్సింది మీ మాటే.